రీడింగులు సరే, వాదన ఎక్కడ?

ప్రయోగ నివేదికల్లో పట్టికలు చాలాసార్లు బాగానే ఉంటాయి. ముగింపు కూడా ధీమాగానే ఉంటుంది. కనిపించనిది ఆ రెండింటినీ కలిపే తర్కం. 'పై పట్టికను బట్టి నిరూపితమైంది' అని రాసేసి ఊరుకుంటారు. ఆ అంకెలు అలాగే రావడానికి ఇంకో కారణం ఉండొచ్చా అన్న ప్రశ్నకు జవాబు లేనిదే దాన్ని వాదన అనలేం.

లఘులోలకాన్నే, అంటే దారానికి వేలాడుతూ ఊగే గోళాన్నే తీసుకోండి. 'గోళం బరువు మారినా ఆవర్తన కాలం మారదు' అన్నది ప్రతిపాదన. ఆవర్తన కాలమంటే ఒక డోలనానికి, అంటే ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే సమయం. మీటరు పొడవుంటే ఒక డోలనానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకన్ల తేడా మామూలే. ఒక్క డోలనాన్నే కొలిస్తే అది పదో వంతు తప్పు. 20 డోలనాలు కొలిచి 20తో భాగిస్తే, డోలనానికి 0.01 సెకనుకు తగ్గుతుంది. ఊపు కోణం 10 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే కోణం వల్ల వచ్చే తేడా అంతకన్నా తక్కువే.

అసలు చిక్కు ఇక్కడ కాదు, పొడవు దగ్గర. చాలామంది దారాన్ని ముడి వరకే కొలుస్తారు. బరువైన గోళం పెద్దదైతే దాని కేంద్రం కిందికి జరుగుతుంది. 100 సెంటీమీటర్లు కాస్తా 102 అయితే, ఆవర్తన కాలం 0.02 సెకను పెరుగుతుంది. అంటే 20 డోలనాలకు 0.4 సెకన్లు. చేతి తప్పుకు రెట్టింపు కాబట్టి ఆ తేడా స్పష్టంగా కనబడుతుంది, బరువు వల్లే వచ్చిందనిపిస్తుంది. పదిసార్లు కొలిచి సగటు తీసినా పోదు, ఎందుకంటే ప్రతిసారీ ఒకే వైపుకు లాగే తప్పు అది. గోళం మార్చినప్పుడల్లా, వేలాడదీసిన చోటు నుంచి గోళం కేంద్రం దాకా కొలిచి దారం సరిచేయాలి. తేడా రాకపోతే 'అసలు తేడా లేదు' అని రాయకండి, '0.01 సెకనుకు మించిన తేడా కనబడలేదు' అనండి. మీ కొలత చెప్పగలిగింది అంతే.

పెద్ద ప్రయోగశాలలకూ ఇదే గండం. 2011లో ఒపెరా అనే భౌతికశాస్త్ర ప్రయోగ బృందం, న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలు కాంతి కన్నా దాదాపు 60 నానోసెకన్లు ముందే చేరినట్టు ప్రకటించి, తప్పెక్కడో పరిశీలించమని తోటివారిని కోరింది. వేల కొద్దీ న్యూట్రినోల డేటా ఉంది, గణాంకాల ప్రకారం ఫలితం బలంగానే ఉంది. తీరా చూస్తే సమయ సంకేతాన్ని మోసే ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగా బిగించి లేదు.

పోటీ కారణాలను ఎలా తోసిపుచ్చాలో 1854 లండన్ కలరా నేర్పుతుంది. కలరాకు చెడుగాలే కారణమని చాలామంది నమ్ముతున్న ఆ రోజుల్లో, అది నీటి ద్వారా పాకుతుందన్న వైద్యుడు జాన్ స్నో. ఆయన పేరు చెప్పగానే అందరూ బ్రాడ్ స్ట్రీట్ పంపు హ్యాండిల్ తీయించి కలరాను ఆపాడన్న కథే చెబుతారు. నా దృష్టిలో అది బలహీనమైన ఆధారం, హ్యాండిల్ తీసేనాటికే మరణాలు తగ్గుముఖం పట్టాయి. గట్టి ఆధారం దక్షిణ లండన్‌లో దొరికింది. అక్కడ ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు రెండు వేర్వేరు కంపెనీల నీళ్లు వచ్చేవి. గాలీ అదే, పేదరికమూ అదే. లాంబెత్ కంపెనీ 1852లోనే నీళ్లు తోడే చోటును థేమ్స్ నది ఎగువకు మార్చింది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మురుగు కలిసే చోటే నీళ్లు తోడుతూ వచ్చింది. ఏ ఇంటికి ఏ కంపెనీ నీళ్లో చాలామంది అద్దెదారులకు తెలియదు. స్నో ఆ నీళ్లలో సిల్వర్ నైట్రేట్ కలిపి చూశాడు: ఉప్పు ఎక్కువున్న సదర్క్ నీళ్లు చిక్కటి తెల్లని అవక్షేపం ఇస్తాయి, లాంబెత్ నీళ్లు కొద్దిగా మసకబారతాయి. లెక్క తేలింది: 10,000 ఇళ్లకు సదర్క్ వైపు 315 మరణాలు, లాంబెత్ వైపు 37. ఈ తేడాకు చెడుగాలి కారణమనాలంటే, అది ఒక ఇంట్లో దూరి పక్కింటిని వదిలేసిందనాలి.

నీళ్లలో ఏముందో మాత్రం ఈ లెక్క చూపదు. కలరా నీటి ద్వారా పాకుతుందన్న ప్రతిపాదన వరకే దాని బలం.

మీ నివేదికలో కూడా పోటీ కారణాలను రీడింగులు తీసుకోక ముందే రాసుకోండి, ఒక్కోదాన్ని ఏ కొలత తోసిపుచ్చుతుందో పక్కనే రాయండి. తోసిపుచ్చే కొలత దొరకని కారణాన్ని దాచకుండా ముగింపులోనే పేర్కొనండి. ఒక రీడింగు మిగతావాటికి దూరంగా పడితే కొట్టేయకండి. దారం జారిందనో, లెక్క తప్పిందనో అప్పటికప్పుడు నోట్‌బుక్‌లో రాసి ఉంటేనే దాన్ని పక్కనపెట్టే హక్కు. లేదంటే గ్రాఫ్‌లో ఉంచి, ఆ పరిస్థితిలోనే మళ్లీ కొలవండి.