అలిగిన బతుకమ్మ అంటేనే నాకిష్టం

బతుకమ్మ తొమ్మిది రోజులల్ల అందరూ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ గురించే రాస్తరు, వాట్సాప్ స్టేటస్‌లు కూడ అవే, నాకైతే ఆరో రోజు మీదనే మనసు. ఆ రోజు బతుకమ్మను పేర్చం, ఆడం, నైవేద్యం లేదు. అమ్మ అలిగింది, అంతే. ఎప్పుడో బతుకమ్మకు మాంసం ముద్ద తగిలిందట, అందుకే అలిగిందని పెద్దోళ్లు చెప్తరు.

మాకు పెద్దల అమావాస్య నాడు ఎంగిలిపూలతోటి షురువైతది, హన్మకొండ వెయ్యి స్తంభాల గుడి కాడ ఆ సాయంత్రం కాలు పెట్ట సందుండదు. 1163ల రుద్రదేవుడు కట్టించిన గుడి, కానీ ఆ పూట స్తంభాల దిక్కు చూసేదెవరు, అందరి కండ్లు పక్కామె బతుకమ్మ ఎంత ఎత్తున్నదనే. ఆ తర్వాత అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, రోజుకొకటి.

నిజం చెప్పాలంటే పూల కాడనే సగం ప్రాణం పోతది. గునుగు కట్ట రేటు విని నేను మొహం ముడుచుకుంటే ఆ అమ్మే ఆమె, "పొద్దుగాల చేన్ల పామొస్తదో తేలొస్తదో అని భయపడుకుంట కోసుకొచ్చినం అక్కా" అన్నది, ఇగ బేరం ఏమాడుత, పైసలిచ్చిన, ఆమెనే ఇంత తంగేడు కొసరేసింది. ఇంటికొచ్చి గునుగు కొసలు రంగు నీళ్లల్ల ముంచి ఆరబెట్టుడు, తెల్లారి ఆఫీసుల కీబోర్డు మీద గులాబీ రంగు ఏళ్లు చూసి మా సార్ ఏమైందమ్మా అని అడుగుడు. సాయంత్రం ఆడదామని పోతే డీజే బాక్సులు పెట్టి మా చప్పట్లు మాకే వినపడకుండ చేస్తరు, ఇదొక్కటి మాత్రం నాకస్సలు నచ్చదు. ఐదో రోజుకు నిద్ర లేక, నడుం నొప్పితోటి, ఇంట్ల ఎవ్వరు పలకరించినా గయ్‌మని లేస్తం.

సరిగ్గ అప్పుడు అమ్మ అలుగుతది!

దేవతకు కోపమొచ్చిందంటే హోమాలు, శాంతులు, మొక్కుబడులు, అసొంటి కథలు మనకు బొచ్చెడు. ఇక్కడ అవేం లేవు. ఆమెను బుదగరియ్యరు, ఎందుకలిగినవని నిలదియ్యరు, ఒక్క రోజు అలగనిస్తరు. పండుగల నడిమిట్ల అలకకు కూడ ఒక తిథి పెట్టిన ఆడోళ్ల తెలివికి దండం పెట్టాలె. ఇంట్లోళ్లు అలిగితే మనం ఇట్ల ఊకుంటమా? పదిసార్లు "ఏమైంది, ఏమైంది" అని ఇంకింత రేపుతం.

మా అత్తమ్మకు, నాకు ఈసారి బతుకమ్మ పేర్చే సిబ్బి కాడ మాట మాట పెరిగింది. నేను కొత్త ఇత్తడి తాంబాళంల పేరుస్త అన్న, ఆమె పాత సిబ్బే కావాలె అన్నది, ఆరో రోజంతా ఆమె ఆ అర్రల, నేను ఈ అర్రల. నేను పోయి అడగలే, ఆమె కూడ అడగలే. ఏడో రోజు వేపకాయల బతుకమ్మ కదా, బియ్యంపిండి కలిపి వేపకాయలంత చేసి నూనెల గోలియ్యాలె. నేను పిండి కలుపుతుంటే ఎనుక నుంచి గొంతు, "ఉడుకు నీళ్లు పొయ్యి, సల్లటివి పోస్తే పగులుతయి." పక్కన పీట ఏసుకొని కూసున్నది. నేను చేసినవి రెండు మూడు చేతులకు తీసుకొని చూసి, "ఇవి వేపకాయలా బిడ్డా, రేగుపండ్లా?" అన్నది.