ఏ కెమెరా కొనాలో రామప్ప లోపలి వెలుతురులో తేలిపోయింది

డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) కొనాలా, జేబులో పట్టే చిన్న కెమెరా సరిపోతుందా అని మా ఇంట్లో దసరా నుంచి ఒకటే చర్చ. తమ్ముడి చిన్న కెమెరా, ఫ్రెండ్ దగ్గర తెచ్చుకున్న డీఎస్‌ఎల్‌ఆర్ రెండూ పట్టుకుని హనుమకొండ నుంచి పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్లాం.

బయట ఎండలో పెద్ద తేడా లేదు. ఎర్ర ఇసుకరాయి గోడలు, కింద ఏనుగుల వరుస రెండింట్లోనూ చక్కగా వచ్చాయి. అసలు సంగతి రంగమండపంలో ఉంది. నల్లరాతి స్తంభాల మీద సన్నటి చెక్కడం, వెలుతురేమో అంతంతమాత్రం. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలి కాబట్టి చేత్తోనే తీయాలి. చిన్న కెమెరాలో ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులోనూ ఫొటో వెలుగ్గా వచ్చేలా పెంచుకునే సెట్టింగ్) 1600కు పెంచితే శిల్పాల నగల గీతలన్నీ అలికినట్టు కలిసిపోయాయి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అదే ఐఎస్‌ఓకు గీత గీతా విడిగా కనిపించింది, ఎంత ఆనందమేసిందో! దీని సెన్సార్ (లోపల వెలుతురును పట్టే పలక) వెడల్పు దాదాపు 22 మి.మీ., మామూలు చిన్న కెమెరాలది 6 మి.మీ. పైచిలుకు. అందే వెలుతురులోనే అంత తేడా.

మేడారం జాతర జనంలో అయితే చిన్నదే సుఖం. మెడలో బరువు ఉండదు, ఎవరికి తగులుతుందోనన్న టెన్షన్ ఉండదు.

కానీ నా ప్రాణమంతా ఈ కాకతీయుల శిల్పాల మీదే. డీఎస్‌ఎల్‌ఆరే తీసుకుంటున్నా. ముందు మామూలు 18-55 జూమ్ లెన్స్, డబ్బులు కూడాక తక్కువ వెలుతురుకు పనికొచ్చే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్.