మైదానం నడుమ ఇరవై రెండు గజాలు

విజయనగరంలో క్రికెట్ మాట వస్తే, 1936లో ఇంగ్లండు పర్యటనకు భారత జట్టు నాయకుడిగా వెళ్ళిన విజయనగరం మహారాజకుమార్ విజ్జీ పేరును ఎవరో ఒకరు తలుచుకుంటారు. మన పాఠశాల మాట వస్తే ఫలానా ఏడు ఫలానావాడు కొట్టిన సిక్సర్లు తలుచుకుంటారు. ఆ ఆటలన్నిటికీ ఆధారమైన, మైదానం నడుమ ఇరవై రెండు గజాల పిచ్‌ను ఎంత శ్రమపడి సిద్ధం చేసేవారో మన పూర్వ విద్యార్థుల సంఘం సంచికల్లో ఎవరూ రాసినట్లు లేదు గనుక, నేను ఆ పని గురించే రాస్తున్నాను.

మన మైదానం ఎర్రనేల. అందులో బంక తక్కువ కావడం వల్ల ఎంత అణిచినా పైపొర పొడిపొడిగా రాలిపోతుంది. అందుచేత వేసవిలో చెరువు ఎండినప్పుడు అడుగునున్న నల్ల బంకమట్టిని తెప్పించి, గడ్డలు చితక్కొట్టి, జల్లెడ పట్టి, పది అడుగుల వెడల్పున పొరమీద పొరగా పరిచేవారు. కింది పొరను కాస్త గీకి తడిపిన తరువాతే పై పొర వేసేవారు. లేకపోతే రెండూ అతుక్కోక, ఆట నడుమ పెచ్చులు లేస్తాయి. పైన నాటిన గరిక వేళ్ళు మట్టిని పట్టి ఉంచడమే కాక, లోపలి తడిని పీల్చి పిచ్ సమంగా ఆరేటట్లు చేస్తాయి.

అసలు నేర్పంతా రోలర్ ఎప్పుడు ఎక్కించాలో తెలుసుకోవడంలో ఉంది. పిచ్‌కు నీళ్ళు పెట్టాక మైదానం చూసుకునే తాత మాటిమాటికీ వచ్చి బొటనవేలితో నొక్కి చూసేవాడు. వేలు దిగాలి, మట్టి మాత్రం వేలికి అంటకూడదు. మేము తొందరపెడితే, "ఆగండి బాబూ, ఇప్పుడు రోలర్ ఎక్కిస్తే మట్టి దానికే అంటుకుపోద్ది" అనేవాడు. పూర్తిగా ఆరిన నేలమీద ఎంత బరువు తిప్పినా మట్టి లోపల అణగదు. ఆ రెంటికీ నడుమనున్న కొద్ది గంటల్లో ముందు తేలిక రోలర్‌ను, తరువాత బరువైనదాన్ని నెమ్మదిగా లాగేవాళ్ళం. మ్యాచ్ మొదలైన తరువాత ఇన్నింగ్స్‌కు ముందు ఏడు నిమిషాలకు మించి రోలర్ తిప్పకూడదని నియమం ఉంది కాబట్టి, పిచ్ గట్టిదనమంతా ముందు రోజుల్లోనే సాధించాలి.

అక్టోబరు, నవంబరు నెలల వాయుగుండాలకు బరకాలే కాపలా. కప్పడం కన్నా తీయడం ముఖ్యమని తాత చెప్పేవాడు. వాన వెలిసి ఎండ రాగానే బరకం తీయకపోతే లోపల చెమ్మ పట్టి గరిక పండిపోతుంది, నేల మెత్తబడుతుంది. పశువులు తొక్కకుండా చుట్టూ తుమ్మకంప వేసేవారు. ఆట ముగిసిన సాయంత్రం బౌలర్ల కాళ్ళు తవ్విన గుంతల్లోని దుమ్ము ఊడ్చి, తడిపి, అదే బంకమట్టి కూరి దిమ్మిసతో కొట్టడం మా పిల్లల వంతు.

ఈ పిచ్‌ను తీసేసి సిమెంటు పరిచి, దానిమీద మ్యాటింగ్ (ఆటకు పరిచే చాప) వేద్దామని ఇప్పుడు కొందరు మిత్రులు అంటున్నారు. ఖర్చు తగ్గే మాట నిజమే. అయితే ఉదయపు చెమ్మలో బంతి ఎలా కదులుతుందో, నెర్రెలు విచ్చిన నేలమీద ఎలా తిరుగుతుందో సిమెంటుమీద ఆడే పిల్లవాడికి తెలియదు. మన సంఘం ఈ ఏడు పోగుచేసే నిధిలోంచి రెండు మంచి బరకాలు, ఒక బండెడు చెరువుమట్టి, పిచ్ చూసుకునే మనిషికి నెలజీతం ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. వీటిలో నా వంతు నేను ఇస్తాను.