మెదక్ చర్చిలో మా మొక్కుబడి

క్రిస్మస్ వెళ్లి ఇంకా వారం కాలేదు. మనసులో ఆ వేడి ఉండగానే రాసేయాలని కూర్చున్నాను. ప్రభువుకు స్తోత్రం.

వానాకాలంలో మా తమ్ముడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. వాడు బతికితే క్రిస్మస్‌కి మెదక్ చర్చికి తీసుకెళ్లి కృతజ్ఞత కానుక ఇస్తానని ఐసీయూ బయట కూర్చుని మొక్కుకున్నాను. వాడు లేచి ఇంటికొచ్చాడు. సికింద్రాబాద్‌లో మా సంఘంలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతుంటే ఏడుపు ఆగలేదు. ఆ రోజుల్లో తెల్లవారుజామునే మెలకువ వచ్చేది, మోకాళ్ల మీద ఉంటే టైమ్ తెలిసేది కాదు.

తర్వాత ఎందుకో అదంతా చల్లారిపోయింది. ఆదివారం ఆరాధన మానలేదు, బైబిలు మూయలేదు. అయినా ప్రార్థనకు కూర్చుంటే నోట మాట రాదు. అడిగింది ఇచ్చిన దేవుడి ముందు అలా ఎండిపోయి కూర్చోవడం ఆసుపత్రి రోజులకన్నా బాధగా ఉండేది. ఎవరితో చెప్పుకోను? "తమ్ముడు దక్కాడు కదక్కా, ఇంకేం కావాలి?" అంటారు.

చివరికి మా పాస్టర్ అయ్యగారితో చెప్పాను. ఆయన బైబిల్లోని ఏలీయా ప్రవక్తను గుర్తుచేశారు. కర్మెలు కొండమీద అగ్ని దిగడం కళ్లారా చూసిన మనిషి, ఆ వెంటనే బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. "దేవుడు ఆయన్ని కోప్పడలేదమ్మా. రొట్టె, నీళ్లు పంపించాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు" అన్నారు. విన్నాను గానీ మనసుకు పట్టలేదు.

మొక్కు మొక్కే కాబట్టి ఇద్దరం జేబీఎస్‌లో బస్సెక్కాం. నర్సాపూర్ అడవి దాటుతుంటే చలికి వాడు వణికాడు, నాకు ఒకటే టెన్షన్.

ఇక ఆ జనం! చీకటి ఉండగానే మొదటి ఆరాధన మొదలైంది, మేం లోపలికి పోలేక మైకులోనే విన్నాం. తోపులాట, ఏడ్చే పిల్లలు, పాట మధ్యలో చేతులు చాపి సెల్ఫీలు. దేవుడి మందిరం ముందు కాసేపు ఫోన్ జేబులో పెట్టుకోలేమా? 175 అడుగుల గోపురం తలమీద నిలబడి ఉంది, తలెత్తి చూసే తీరిక ఎవరికీ లేదు. లైన్ కదలక మా తమ్ముడికి కళ్లు తిరిగి కిందనే కూర్చుండిపోయాడు. ఇంత దూరం తెచ్చి మళ్లీ వాణ్ణి పడేస్తావా ప్రభువా అని లోపల్లోపల కోపం కూడా వచ్చింది.

వెనకాల ఒక అవ్వ ఉంది. కొంగు మూట విప్పి జొన్నరొట్టె తుంచి వాడి చేతిలో పెట్టింది, నీళ్ల సీసా ఇచ్చింది. నాకూ ఒక ముక్క చాపింది.

"వద్దవ్వా, నీకు ఉండనియ్."

"తిను బిడ్డా. ఇంకా శానాసేపు నిలవడాలె. మా అవ్వ ఈ గుడికి రాళ్లు మోసింది, కరువుల గింజలు పెడ్తరని."

ఈ చర్చి కట్టించిన మిషనరీ పోస్నెట్ దొరగారు 1914లో పని మొదలుపెట్టి, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపి తిండి పెట్టారనీ, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిందనీ మనమందరం విన్నదే. అవ్వ చెబుతుంటే మాత్రం ఒళ్లు జలదరించింది. రొట్టె ఎండిపోయి గట్టిగా ఉంది, కాస్త కారం పూసి ఉంది. నమిలి మింగుతుండగా అయ్యగారి మాట గుర్తొచ్చి కళ్లనీళ్లు ఆగలేదు.

పొద్దెక్కాక లోపలికి వెళ్లగలిగాం. బలిపీఠం వెనక ఆరోహణం అద్దాల కిటికీ వెలుగుతో నిండిపోయి ఉంది. ప్రభువు పైకి వెళ్తున్నాడు, కింద శిష్యులు చూస్తున్నారు. వాళ్లకూ ఆ రోజు ఇలాగే ఉండి ఉంటుంది, ఇప్పటిదాకా పక్కనే ఉన్నవాడు కంటికి కనిపించకుండా పోవడం. "నడవండి, నడవండి" అంటూ వాలంటీర్లు తొందరపెడుతున్నారు. ఆ కాసేపట్లో నా నోట వచ్చింది ఒక్కటే మాట: "అయ్యా, రొట్టె తిన్నాను." ఎన్నాళ్లకో వచ్చిన ప్రార్థన అది.

కానుక వేసి బయటికొచ్చి అవ్వ కోసం వెతికాం, కనిపించలేదు. తిరుగు బస్సులో బాలానగర్ దాకా నేను నిలబడే ఉన్నాను, తమ్ముడికి సీటు దొరికింది, అదే చాలు.

ఇప్పుడు కూడా ఒక్కోరోజు ప్రార్థనలో మాట వస్తుంది, ఒక్కోరోజు రాదు. రాని రోజు కూడా కూర్చుంటున్నాను, మునుపటి భయం లేదు. సంక్రాంతి తర్వాత కూడికలో మళ్లీ సాక్ష్యం చెప్పమన్నారు అయ్యగారు. ఈసారి స్వస్థతతో ఆపను, ఆ ఎండిపోయిన నెలల గురించీ చెప్తాను. అలా ఉన్నవాళ్లు మా సంఘంలో ఇంకా ఉన్నారు, వాళ్ల మొహాలు నాకు తెలుసు.