ఆ కంచం అక్కడెట్టీ బాబూ

మొన్న మంగళవారం గాజువాకలో నేను ఎప్పుడూ తినే మెస్‌లో భోజనం అయ్యాక, అలవాటు కొద్దీ నా కంచం, గ్లాసు తీసుకుని లేచాను. నాలుగడుగులు వేశానో లేదో, ఆ మెస్ నడిపే పిన్ని కౌంటర్ దగ్గర్నుంచే గట్టిగా కేకేసింది. "ఏటి బాబూ అదీ, మా సేతులు పడిపోనాయేటి? ఆ కంచం అక్కడెట్టీ!" ఇరవై మంది తింటున్నారు, అందరూ తలెత్తి చూశారు. కంచం పక్క బల్ల మీద పెట్టేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాను గానీ తల కొట్టేసినట్టయింది. తిట్టు పెద్దదేం కాదు, ప్రేమతోనే అంది, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ నాతో వచ్చిన మా బావమరిది ఇంటికెళ్లి వాళ్లక్కతో "బావకి సింగపూర్ బాగా ఎక్కేసింది, మన మెస్‌లో కూడా ప్లేటు మోసుకెళ్తున్నాడు" అన్నాడట. ఆ మాట మూడు రోజులుగా నన్ను వదల్లేదు. ఎక్కలేదు. ఎక్కేంత సింగపూర్ నేను చూడనేలేదు. ఆ అలవాటు ఎలా వచ్చిందో మా బావమరిదికి చెప్పాలంటే సగంలోనే లేచిపోతాడు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ చదివి, సింధియాలో షిప్‌యార్డ్‌లో కొన్నేళ్లు కాంట్రాక్ట్ పని చేశాను. 1941లో సింధియా కంపెనీ వాళ్లు మొదలుపెట్టిన యార్డు కాబట్టి, హిందుస్థాన్ షిప్‌యార్డ్ అని పేరు మారి ఇన్నేళ్లయినా ఆ జంక్షన్‌ని మేం ఇంకా సింధియా అనే అంటాం. 2016లో సింగపూర్ వెళ్లాను. టువాస్‌లో యార్డు, పైపుల పని. డార్మిటరీలో గదికి పన్నెండు మందిమి, రెండంచెల మంచాలు. పొద్దున లారీ ఎక్కితే యార్డు, సాయంత్రం లారీ ఎక్కితే డార్మ్. భోజనం కేటరింగ్. తెల్లవారకముందే గేటు దగ్గర పొట్లాలు దింపేసి వెళ్లిపోయేవారు. టిఫిన్ పొట్లం, మధ్యాహ్నం పొట్లం రెండూ ఒకేసారి. పన్నెండింటికి విప్పేసరికి అన్నం చెమట పట్టి ముద్దకట్టేది, ఆ ఎండకి పప్పు పులిసిపోయేది. ముక్కు మూసుకుని తిన్న రోజులున్నాయి, పారేసి బిస్కెట్లు తిన్న రోజులూ ఉన్నాయి. ఫోన్‌లో అమ్మ "ఏం తిన్నావు నాన్నా" అంటే పప్పూ కూరా అనే చెప్పేవాణ్ణి, అది అబద్ధం కాదు కదా.

ఆదివారం లిటిల్ ఇండియా వెళ్లేవాళ్లం. టెక్కా మార్కెట్, సెరంగూన్ రోడ్డు, పెరుమాళ్ గుడి. అక్కడ మన తెలుగు భోజనం దొరుకుతుంది. అరిటాకు, పప్పు, ఆవకాయ, పప్పు మీద నెయ్యి. మొదటిసారి తిన్నప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ ఆదివారం మధ్యాహ్నం అక్కడ ఎంత రద్దీ అంటే, మనం పెరుగన్నం కలుపుతుండగానే వెనకాల ఇంకొకరు కుర్చీ పట్టుకుని నిలబడతారు, వడ్డించే అబ్బాయి ఎప్పుడు ఆకు మడుస్తామా అని చూస్తుంటాడు. వాళ్ల తప్పని అనను, వాళ్లూ మాలాగే పన్నెండు గంటలు నిలబడి చేసేవాళ్లే. కానీ ఊళ్లో తిన్నట్టుంటుందని అంత దూరం రైల్లో వెళ్లిన నాకు, తిని బయటికొచ్చాక ఏదో వెలితిగానే ఉండేది.

ఆ వెలితి తీరింది నేను అస్సలు అనుకోని చోట. బూన్ లే దగ్గర ఇళ్ల బ్లాక్ కింద ఒక కాఫీ షాప్. కాఫీ షాప్ అంటే మనం అనుకునేది కాదు, ఒకే కప్పు కింద ఏడెనిమిది చిన్న కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. జీతం వచ్చిన ఒక శనివారం సాయంత్రం వాన పడుతుంటే తలదాచుకోవడానికి అందులోకి వెళ్లాను. ఏం కొనుక్కోవాలో తెలీదు, ఎలా అడగాలో తెలీదు, ఏ బల్ల దగ్గర కూర్చోవాలన్నా భయమే. అక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే ఆ సీటు ఎవరో పెట్టుకున్నట్టు. అది తెలీక అప్పటికే ఒకచోట కూర్చుని లేచాను. నిలబడి చూస్తుంటే ఒక కొట్టు అద్దం వెనకాల చేప ముక్కలు కనిపించాయి. కోనెం! బయట వంజరం అంటారు గానీ మాకు కోనెమే. ఫిషింగ్ హార్బర్ నుంచి అమ్మ తెచ్చి కోస్తుంటే పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి, ఆ ముక్కని ఏ దేశంలో చూసినా గుర్తుపడతాను. వేలు పెట్టి చూపించాను. కొట్టాయన "బటాంగ్" అన్నాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మెడ మీద తువ్వాలు.

ఆయన ఇచ్చింది చేపల సూప్. పెద్ద గిన్నె నిండా వేడి నీళ్లలాంటి పులుసు, అందులో ముక్కలు, అల్లం, టమాటా, పైన వేయించిన ఉల్లి. చింతపండు లేదు, కారం లేదు. రెండు చెంచాలు తాగి అలా కూర్చున్నాను. నా ముఖం చూశాడో ఏమో, వచ్చి సన్నగా తరిగిన పచ్చి మిరపకాయలు సోయా సాస్‌లో వేసి ఒక చిన్న సాసర్‌లో పెట్టాడు. "ఇండియన్, మస్ట్ హావ్ చిల్లీ" అని ఒకటే మాట. ఆ మిరపకాయ కొరుకుతూ ఆ సూప్ తాగాను, చొక్కా తడిసింది, కడుపు నిండింది. ఆ వారమంతా వేడి వేడిగా తిన్న తిండి అదొక్కటే.

ఆ తర్వాత నెలకి రెండుసార్లయినా వెళ్లేవాణ్ణి. అడక్కుండానే మిరపకాయల సాసర్ వచ్చేది. ఒక్కోరోజు గిన్నెలో ముక్కలు లెక్క కంటే ఎక్కువుండేవి, నేను చూస్తే చెయ్యి ఊపి తినమనేవాడు. పక్క కొట్టు ముసలాయన వస్తే ఈయన ప్రతిసారీ ఏదో అనేవాడు, "జియాక్ పా బుయ్" అన్నట్టు వినిపించేది. ఒకరోజు అర్థం అడిగాను. "కడుపు నిండా తిన్నావా" అనట, హొక్కియెన్ భాషలో పలకరింపే అదట. ఆ రాత్రి అమ్మకి ఫోన్‌లో చెప్తే "చైనావాళ్లు కూడా మనలాగే అడుగుతారేట్రా" అని ఎంత సంబరపడిందో.

ఇక 2020. ఏప్రిల్‌లో కరోనా వల్ల డార్మ్‌లన్నీ మూసేశారు. గదిలోంచి కదలకూడదు, భోజనం తలుపు దగ్గరికే. తర్వాత పని మొదలైంది గానీ డార్మ్, యార్డు, మళ్లీ డార్మ్, అంతే, ఊళ్లోకి అడుగు పెట్టనిచ్చేవాళ్లు కాదు. ఆ డిసెంబర్‌లో సింగపూర్ హాకర్ సంస్కృతిని, అంటే ఇలా ఒకే కప్పు కింద చిన్న తిండి కొట్లు నడిపే పద్ధతిని, యునెస్కో తన జాబితాలో చేర్చిందని ఫోన్‌లో చదివాను. మంచం మీద పడుకుని ఆ వార్త చదువుతూ ఆ గిన్నె, ఆ సాసర్, ఆ రబ్బరు బూట్లు గుర్తుచేసుకున్నాను. ఆయన కొట్టు ఉందో లేదో కూడా తెలీదు.

2022 మధ్యలో, బయటికెళ్లడానికి పాసుల గొడవ చాలా మటుకు తగ్గాక, మొదటి ఆదివారం నేను వెళ్లింది లిటిల్ ఇండియాకి కాదు, అక్కడికే. కొట్టు ఉంది. ఆయన ఉన్నాడు, జుట్టంతా తెల్లబడిపోయింది. నన్ను చూసి గరిటె కింద పెట్టి, "ఎయ్, లాంగ్ టైమ్! ఈట్ ఆల్రెడీ?" అన్నాడు. రెండేళ్ల తర్వాత మా యార్డు బయట ఒక మనిషి నన్ను అడిగిన మొదటి మాట, తిన్నావా అని. గొంతు పట్టేసి జవాబు చెప్పలేకపోయాను.

ఆ రోజే చివాట్లు కూడా తిన్నాను. తిని, ఎప్పటిలాగే గిన్నె బల్ల మీదే వదిలేసి లేచాను. బల్లలు తుడిచే ముసలాయన పరుగులాంటి నడకతో వచ్చి "ట్రే! ట్రే!" అని అరిచాడు. నేను లోపలున్న రెండేళ్లలో రూల్ మారింది. హాకర్ సెంటర్లలో 2021 సెప్టెంబర్ నుంచి, కాఫీ షాపుల్లో 2022 జనవరి నుంచి తిన్నవాళ్లే ట్రే తీసుకెళ్లి అరలో పెట్టాలి. మొదటిసారి వదిలేస్తే హెచ్చరిక, రెండోసారి 300 డాలర్ల ఫైన్. నాకవేం తెలీవు. అందరి ముందూ అరిచాడని ఒళ్లు మండిపోయింది. నిజం చెప్తున్నా, ఎంగిలి గిన్నె నేనెత్తడమేంటి అనిపించింది. ఇంట్లో అమ్మ తీసేది, పెళ్లయ్యాక మా ఆవిడ తీస్తోంది, నా కంచం నేనెత్తిన గుర్తు లేదు. డబ్బులిచ్చి తిన్న చోట ఎత్తాలా?

అప్పుడు సూప్ ఆయన తన కొట్టు వదిలేసి వచ్చాడు. నా ట్రే తనే పట్టుకుని నన్ను ఆ అరల దగ్గరికి తీసుకెళ్లి, ఇటు హలాల్, అటు మిగతావి అని చూపించాడు. "నౌ మస్ట్. ఎవ్రీబడీ సేమ్" అన్నాడు. నా ముందు ఒకాయన ఇస్త్రీ చొక్కా, మెళ్లో ఆఫీసు కార్డు, చేతిలో ట్రే. నా వెనకాల స్కూలు పిల్ల, చేతిలో ట్రే. మధ్యలో నేను.

మా బావమరిదికి చెప్పాలనుకుంటున్నది ఇదే. ఆ దేశంలో నేను అందరితో పాటు ఎక్కడా లేను. వాళ్లు కార్లో వెళ్తుంటే మేం లారీ వెనకాల కూర్చుంటాం. వాళ్లు ఇళ్లలో ఉంటే మేం ఊరి చివర డార్మ్‌లో. రోగం వచ్చిన రోజుల్లో మా లెక్క కూడా వేరే చెప్పేవాళ్లు, వాళ్ల కేసులు ఇన్ని, డార్మ్ కేసులు ఇన్ని అని. ఆ ట్రేల దగ్గర మాత్రం ఎవ్రీబడీ సేమ్. నేను పెట్టిన ట్రే మీద ఆ ఆఫీసాయన తర్వాతి వారం తన ట్రే పెట్టొచ్చు. అందుకే అలవాటైంది. గొప్ప కోసం కాదు.

అలాగని వాళ్లు మనకంటే మంచివాళ్లని ఒప్పుకోను. అక్కడ ఎవరూ కొసరి వడ్డించరు. ఇంకొంచెం కూర వేయనా అన్న మాట ఎనిమిది కొట్లలో ఒక్కచోట కూడా వినపడదు. గాజువాకలో పిన్ని పెరుగు వేసుకోకుండా లేస్తే ఊరుకోదు, "సలవ సేత్తాది తిను" అని తనే గరిటెతో కుమ్మరిస్తుంది. సింగపూర్ వెళ్లేముందు చివరి నెల నేను బాకీ పడితే వీసా డబ్బులు కట్టుకోమని ఆ లెక్క కొట్టేసింది. ఆ మనిషిని ఏ దేశంలో వెతకను? ఇంకొకటి, అక్కడ బల్లలు తుడిచేవాళ్లలో డెబ్భై దాటినవాళ్లు చాలామంది. వంగిన నడుములతో ఆ గుడ్డ పట్టుకుని తిరుగుతుంటే నాకు ముద్ద దిగేది కాదు. మన దగ్గర ఆ వయసులో మనవలతో అరుగు మీద కూర్చుంటారని మా రూమ్‌లో గట్టిగా వాదించేవాణ్ణి కూడా.

నిన్న మళ్లీ మెస్‌కి వెళ్లాను, కావాలనే రద్దీ తగ్గాక. ఆదివారం రాత్రి స్కూట్ ఫ్లైట్, నాలుగు గంటల్లో అక్కడుంటాను, మళ్లీ ఎప్పటికో. పిన్నికి ఈ కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, "ఆల ఊరి పద్దతి ఆలది. మా ఇంటికొచ్చి తిన్నోడు కంచమెత్తుకుని పోతే, మరి నాది ఓటేలు కాదేటి?" అంది. నాకు మాట రాలేదు. అన్నేళ్లుగా డబ్బు తీసుకుంటున్నా అది హోటల్ అనుకోలేదామె, ఇల్లనుకుంది. వంకాయ కూర ఇంకో గరిటె వేసింది.

తిన్నాక కంచం అక్కడే వదిలేశాను. కంచాలు తీసే ఆవిడ బకెట్ పట్టుకుని వచ్చింది. మా అమ్మ వయసుంటుంది. షిప్‌యార్డ్ రోజుల నుంచీ ఆవిడ్ని చూస్తున్నాను, ఇన్నేళ్లలో ఒక్క మాట మాట్లాడింది లేదు, ఊరేదో పేరేదో తెలీదు. మా రూమ్‌లో వాదించేటప్పుడు ఈవిడ నాకెందుకు గుర్తు రాలేదో.

"మీరు తిన్నారా అమ్మా?" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అడుగుతున్నాననుకుంది.

"నన్నేనా బాబూ?"

"మిమ్మల్నే."

"ఇంకా లేదు. మీరంతా లేసి, ఇయ్యన్నీ కడిగీసరికి మూడున్నరవుద్ది" అని నా కంచం బకెట్‌లో వేసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్లింది. అప్పుడు టైం రెండు దాటి పది నిమిషాలు.