గంపకు వేరే టికెట్టా?

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర షేర్ ఆటో ఆగి పది నిమిషాలైంది. వెనక సీట్లో నలుగురం. పక్కనున్న పూలక్క గంప సగం నా మోకాళ్ల మీదే. తడి గోనెపట్టా నుంచి నీళ్లు కారి ప్యాంటంతా తడిసింది. మల్లెల వాసన మాత్రం ఫ్రీ.

ఫోన్లో ఎయిర్ ట్యాక్సీల వీడియో. ట్రాఫిక్ కష్టాలు తీరిపోతాయట. ఎవరివో చెప్పలేదు.

బ్రెజిల్‌లోని సావో పాలోలో డబ్బున్నోళ్లు ఎప్పటినుంచో హెలికాప్టర్లలో మేడల మీద దిగుతున్నారు. కింద బస్సుల్లో జనం అట్లాగే ఇరుక్కుని ఉన్నారు. కొలంబియాలోని మెడెయిన్ వాళ్లు వేరే పని చేశారు. 2004లో కొండవాలు బస్తీలకు రోప్‌వే వేసి మెట్రో రైలుకు కలిపారు. అదీ గాల్లో ప్రయాణమే కదా! కాకపోతే కూలికి పోయేవాళ్లు ఎక్కేది.

రేణిగుంట వైపు విమానమొకటి దిగుతోంది.

"ఏంది సామీ, అట్లా చూస్తుండావు?"

"ఆటో మాదిరి చిన్న విమానాలు వస్తాయంటక్కా."

ఆమె గంప సర్దుకుంటూ అడిగింది: "అందులో గంపకు వేరే టికెట్టా?"

నేను నోరు తెరిచేలోపు డ్రైవరన్న ఇంకొకరిని ఎక్కించాడు. "కొంచెం జరగండి సార్!"