ఒక థీసిస్, ముగ్గురు గైడ్‌లు

పీహెచ్‌డీలో చేరిన మొదటి నెలలోనే ఒక్క మాట నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. ఆ మాట 'మీడియా'. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా గురించి వార్తలు ఎలా పుడతాయన్నది నా అంశం. ల్యాబ్‌లో తేలిన విషయం పేపర్‌గా అచ్చవుతుంది, అది ప్రెస్ నోట్ అవుతుంది, ఆ ప్రెస్ నోట్ వార్త అవుతుంది. ఈ దారిలో ఏది రాలిపోతోంది, ఏది కొత్తగా వచ్చి చేరుతోంది అన్నది నేను చూడాలి. సరే, ముందు ఎవరేం రాశారో చూద్దామని వైద్య పరిశోధనల పేపర్లు వెతికే పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్ తెరిచి 'యాంటీబయాటిక్ రెసిస్టెన్స్', 'మీడియా' అని కొట్టాను.

మొదట వచ్చినవన్నీ ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే జెల్లీలాంటి అగార్, ద్రవంగా ఉండే బ్రాత్‌ల గురించి. మైక్రోబయాలజీ వాళ్లకు అవే మీడియా. ఆ తర్వాత పిల్లల చెవిపోటు. మధ్యచెవి ఇన్‌ఫెక్షన్‌ను ఓటైటిస్ మీడియా అంటారు. పిల్లలకు యాంటీబయాటిక్‌లు రాసే ముఖ్యకారణాల్లో అదొకటి కాబట్టి దానిమీద పేపర్లు కుప్పలుతెప్పలు. మధ్యలో రక్తనాళాల గోడ కూడా తగిలింది. దాని నడిమి పొర పేరూ మీడియానే! పత్రికలూ టీవీలూ అనే అర్థంలో మీడియా ఎక్కడో అడుగున దొరికింది, అదీ వెతగ్గా వెతగ్గా.

గట్టెక్కించింది మా లైబ్రేరియన్. పబ్‌మెడ్‌లోని చాలా పేపర్లకు మెష్ అనే పద్ధతిలో విషయశీర్షికలు తగిలించి ఉంటాయని, 'కల్చర్ మీడియా', 'ఓటైటిస్ మీడియా', 'మాస్ మీడియా' వేర్వేరు శీర్షికలని ఆవిడ చూపించేదాకా నాకు తెలియదు. ఇదే కిటుకు మీడియా స్టడీస్ వైపు వాడబోతే పనిచేయలేదు. అక్కడ ఎవరి మాటలు వాళ్లవి. వార్త ఒక విషయాన్ని ఎలా చూపిస్తుందన్నదాన్ని ఒకరు ఫ్రేమింగ్ అంటారు, ఇంకొకరు రెప్రజెంటేషన్ అంటారు. పైగా ముఖ్యమైన పని చాలావరకు పుస్తకాల్లో ఉంటుంది. డాక్టర్లకు పుస్తకమంటే పాతబడిపోయిన విషయం, మాకేమో పుస్తకం వస్తేనే పని పూర్తయినట్టు.

నాకు గైడ్‌లు ముగ్గురు. అసలు గైడ్ మీడియా స్టడీస్ మేడమ్. కో-గైడ్‌లు ఇద్దరు: మైక్రోబయాలజీ సార్, అంటువ్యాధుల విభాగం డాక్టర్‌గారు. లిటరేచర్ రివ్యూ ప్రిస్మా పద్ధతిలో ఉండాలని డాక్టర్‌గారు పట్టుబట్టారు. రివ్యూలో ఏమేం చెప్పి తీరాలో తెలిపే, 2009లో వచ్చి 2020లో మళ్లీ సవరించిన 27 అంశాల జాబితా అది. ఎన్ని పేపర్లు దొరికాయి, వాటిలో ఎన్ని రెండుసార్లు వచ్చాయి, ఎన్నిటిని ఏ కారణంతో పక్కన పెట్టాం అన్నది డబ్బాలూ బాణాలూ గీసి చూపించాలి. మేడమ్ ఆ బొమ్మ చూసి "గోదాము లెక్కలా ఉందే" అన్నారు. డాక్టర్‌గారు ఆ బొమ్మ లేకుండా మొదటి పేజీ కూడా తిప్పలేదు.

సార్ పెట్టిన షరతు ఒక్కటే. "మా వార్తల మీద తీర్పు చెప్పబోతున్నావు కదమ్మా, ముందు ఒక ప్లేటు వేసి చూడు" అన్నారు.

వేశాను. ముల్లర్-హింటన్ అగార్ 4 మిల్లీమీటర్ల మందాన పోసిన ప్లేటు. బ్యాక్టీరియా ద్రవంలో ముంచిన దూదిపుల్లతో దానిమీద మూడు దిక్కులా రుద్దాలి. ఆపైన మందు ఇంకిన చిన్నచిన్న కాగితపు బిళ్లలు పెట్టాలి. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచి, మర్నాడు తీస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. దాని వ్యాసం స్కేలుతో కొలిచి పట్టికలో చూసి 'లొంగుతుంది', 'లొంగదు' అని రాయాలి. 1966లో బాయర్, కర్బీ, వాళ్ల సహచరులు ఖాయపరిచిన పద్ధతి ఇది. నా మొదటి ప్లేటులో పూత ఒకచోట ఒత్తుగా, ఇంకోచోట పలచగా పడింది. వలయాలు వంకరటింకరగా వచ్చాయి. ఒకే వలయాన్ని నేను కొలిస్తే ఒక అంకె, పక్కనున్న ల్యాబ్ విద్యార్థి కొలిస్తే ఇంకో అంకె. సార్ తిట్టలేదు. లక్షణాలన్నీ ముందే తెలిసిన బ్యాక్టీరియాను కూడా ప్రతిసారీ పక్క ప్లేటులో వేయాలని, దాని వలయం ఉండాల్సిన హద్దుల్లో ఉంటేనే ఆ రోజు మిగతా ప్లేట్లను నమ్మాలని చెప్పారు. అగార్ మందంగా పోస్తే వలయం చిన్నదవుతుందట. ఈ మాట మేడమ్‌కు చెబితే పడీపడీ నవ్వారు. "మీడియా మందమైతే మందు పనిచేయనట్టు కనిపిస్తుందన్నమాట, రాసి పెట్టుకో!"

డాక్టర్‌గారికి మాత్రం ప్లేటు మీద పెద్ద గురి లేదు. "ప్లేటుకు జ్వరం రాదు, కిడ్నీలుండవు" అనేవారు. ఆయన ప్రతిదానికీ అడిగే ప్రశ్న ఒకటే, దేనితో పోల్చి? 1948లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన, స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ట్రయల్ పేపర్ చేతికిచ్చి చదవమన్నారు. మొత్తం 107 మంది క్షయ రోగులు. ఎవరికి మందు, ఎవరికి మంచం మీద విశ్రాంతి మాత్రమే అన్నది యాదృచ్ఛిక సంఖ్యలతో తేల్చి, మూసిన కవర్లలో పెట్టారు. 6 నెలల్లో మందు వాడిన 55 మందిలో 4గురు, వాడని 52 మందిలో 14 మంది చనిపోయారు. మందు వాడినవాళ్లలో చాలామందిలో దానికి లొంగని క్షయ బ్యాక్టీరియా తయారైందన్న సంగతీ ఆ పేపర్లోనే ఉంది. నా అంశం నేను పుట్టకముందే అక్కడ కూర్చుని ఉందన్నమాట.

నన్ను పట్టేసింది ఇంకో వివరం. ఎక్స్‌రేలు చూసింది ఇద్దరు రేడియాలజిస్టులు, ఒక వైద్యుడు. ఎవరికి వారు విడిగా చూశారు. ఏ ఎక్స్‌రే మందు వాడినవారిదో, ఏది వాడనివారిదో వాళ్లకు చెప్పలేదు.

ఎథిక్స్ కమిటీ గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. నేను కొందరు విలేకరులతో మాట్లాడాలి, దానికి అనుమతి కావాలి. ఫారం వైద్య పరిశోధనల కోసం తయారుచేసింది. 'పాల్గొనేవారి నుంచి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం తీస్తారు?' అని ఉంది. 'తీయము' అని రాశాను. అనుమతి రావడానికి మూడు నెలలు పట్టింది.

అసలు పని కోడింగ్‌తో మొదలైంది. ఒక్కో వార్తనూ దాని మూలమైన పేపర్ పక్కన పెట్టి, ఎక్కువ చేసి చెప్పారా లేదా అని గుర్తు పెట్టాలి. నేనొక్కదాన్నే పెడితే అది నా అభిప్రాయమే అవుతుంది. అందుకని ఇంకో స్కాలర్ విడిగా అవే వార్తలకు పెట్టింది. ఇద్దరి గుర్తులూ ఎంతవరకు కలిశాయో కాపా అనే అంకెతో కొలుస్తారు, 1 వస్తే పూర్తిగా కలిసినట్టు. మొదటి విడతలో మాకు వచ్చింది 0.43. పరువు తక్కువ అంకె.

ఎక్కడ తేడా వచ్చిందో చూస్తే, ఎక్కువగా ఒకే మాట దగ్గర: 'పనిచేసింది'. ఉదాహరణకు 2015లో నేచర్‌లో వచ్చిన టీక్సోబాక్టిన్ తీసుకోండి. ల్యాబ్‌లో మామూలుగా పెరగని మట్టి బ్యాక్టీరియాను ఐచిప్ అనే పరికరంతో పెంచి అందులోంచి తీసిన కొత్త యాంటీబయాటిక్. ఎలుకల్లో పరీక్షించారు. బ్యాక్టీరియాలోని రెండు పెద్ద తెగల్లో గ్రామ్ పాజిటివ్ రకాలను చంపుతుంది కానీ, గ్రామ్ నెగటివ్ వాటిని చంపదు. దీన్ని 'పనిచేసింది' అనొచ్చా? సార్ అనొచ్చు అన్నారు, ప్లేటులో పనిచేసింది, ఎలుకలో పనిచేసింది. మనిషికి ఇవ్వందే ఆ మాట నోటి వెంట రాకూడదని డాక్టర్‌గారు. మేడమ్ ప్రశ్న వేరు: "ఆ వాక్యం చదివినవాడు ఏమనుకుంటాడు?" ముగ్గురూ గంటన్నర వాదించుకున్నారు. నేను టీ చల్లారిపోతున్నా తాగకుండా రాసుకుంటూ కూర్చున్నాను. చివరికి నియమం మార్చాం. 'ఎక్కువ చేశారా' అని అడగడం మానేసి, పరీక్ష దేనిమీద జరిగిందో వార్తలో చెప్పారా, చెబితే ఎన్నో వాక్యంలో చెప్పారు అని అడిగాం. రెండో విడతలో కాపా 0.79.

కోడర్లు ఒకరి గుర్తులు ఒకరు చూడకుండా పెట్టారని చెప్పినప్పుడు డాక్టర్‌గారు తలెత్తి "ఎక్స్‌రేల్లాగా" అన్నారు. ఆయన నా పనిని పనిగా లెక్కగట్టడం ఆ రోజు నుంచే.

సార్‌ను ఒప్పించడం అంత తేలిక కాలేదు. మెకూంబ్స్, షా 1972లో అచ్చువేసిన అజెండా సెట్టింగ్ అధ్యయనం (మీడియా దేన్ని ఎక్కువగా చెబితే జనం దాన్నే ముఖ్యమనుకుంటారన్నది) గురించి చెబితే, "చాపెల్ హిల్‌లో 100 మంది ఓటర్లను అడిగి సిద్ధాంతం కట్టేశారా?" అన్నారు. ఆ తర్వాత ఎందరో వేర్వేరు చోట్ల మళ్లీ చేసి చూశారంటే కొంత మెత్తబడ్డారు. మళ్లీ చేస్తే మళ్లీ రావాలి, ఆయనకు కావలసింది అదే. కానీ మేడమ్ 'సూపర్‌బగ్' (మందులకు లొంగని బ్యాక్టీరియాకు పత్రికలు పెట్టిన పేరు) అన్న మాటున్న ఒకే ఒక్క శీర్షికను పట్టుకుని రెండు గంటలు మాట్లాడినప్పుడు ఆయన దగ్గర స్కేలు లేదు. ఆ శీర్షికలో యుద్ధం ఉంది, శత్రువు ఉన్నాడు, మందు కనిపెట్టిన వీరుడున్నాడు, రోగి మాత్రం లేడు. నా పట్టికలో ఆ శీర్షికకు దక్కింది ఒక గడిలో ఒక టిక్కు. ఆ టిక్కుల్లో పట్టనిదంతా విడిగా ఒక అధ్యాయం చేయాల్సొచ్చింది. నాకు థీసిస్ మొత్తంలో నచ్చింది అదే.

రెండో ఏడు సగంలో ఒక పేపర్ దొరికింది. చదవగానే గుండె జారింది. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సమ్నర్, సహచరులు బ్రిటన్‌లోని 20 విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన 462 ప్రెస్ నోట్లను ఇలాగే పరిశీలించారు. జంతువుల మీద చేసిన పరిశోధనల్లో 36 శాతం ప్రెస్ నోట్లు మనుషుల విషయంలో పేపర్ చెప్పినదానికంటే ఎక్కువ చెప్పాయి. ప్రెస్ నోట్ పెంచి చెబితే వార్త కూడా పెంచి చెప్పే అవకాశం బాగా ఎక్కువ. అంటే విలేకరుల నెత్తిన మనం వేస్తున్న నింద చాలావరకు ముందే పరిశోధనా సంస్థల గుమ్మంలో పుడుతోంది. నేను కనిపెడదామనుకున్నది వేరెవరో కనిపెట్టేశారని ఏడుపు ముఖంతో వెళితే, సార్ మొదటిసారి సంతోషంగా కనిపించారు. "ఇంకేం, నీదీ అలాగే వస్తే నమ్ముతాను."

పేపర్ పంపేటప్పుడు పేర్ల వరుస దగ్గర చిన్న చిక్కు. మా శాఖలో చాలావరకు ఒకే పేరుంటుంది. వైద్యంలో చివరి పేరు పెద్దవారిది. భౌతికశాస్త్రంలో 2015లో ఒక పేపర్‌కు 5,154 మంది రచయితలు. ల్యాబ్‌లో నాకు ప్లేట్లు నేర్పిన విద్యార్థి పేరు పెట్టాలా అంటే, జర్నల్ నియమాల ప్రకారం కుదరదన్నారు, కృతజ్ఞతల్లో పెట్టాం. అసలు అగార్ వాడమని, క్షయ బ్యాక్టీరియాను కనిపెట్టిన రాబర్ట్ కోక్ ల్యాబ్‌కు సలహా ఇచ్చింది అక్కడ పనిచేసే వాల్తర్ హెస్సే భార్య ఫానీ హెస్సే. 1882 నాటి కోక్ పేపర్లో అగార్ ఉంది, ఆమె పేరు లేదు. ఇది కూడా సారే చెప్పారు, కాస్త ఇబ్బందిగానే.

వైవా అయిన కొన్నాళ్లకు సార్ నుంచి మెయిల్ వచ్చింది. వాళ్ల కొత్త పేపర్ తాలూకు ప్రెస్ నోట్ చిత్తుప్రతి. 'ఒకసారి చూడమ్మా' అని ఒక్క లైను. మొదటి వాక్యంలో 'ఎలుకల్లో' అన్న మాట చేర్చాను. పనిలోపని అని ఇంకో రెండు మాటలు కూడా మార్చాను. పావుగంటలో తిరిగొచ్చింది. ఎలుకలు ఉన్నాయి. నేను మార్చిన ఆ రెండు మాటలూ కొట్టేసి ఉన్నాయి, పక్కన 'ఇలా అనడానికి డేటా లేదు' అని రాసి.